ఉన్న పొదల లెక్క ఎవరి దగ్గర?

సిడ్నీ నగరానికి పడమటి వైపున, బ్యాంక్స్‌టౌన్, ఫెయిర్‌ఫీల్డ్, రూక్‌వుడ్ పరిసరాల్లో ఒక పొద పెరుగుతుంది. అక్కడివాళ్లు డౌనీ వాటిల్ అంటారు. శాస్త్రనామం అకేసియా ప్యూబెసెన్స్. మీటరు నుంచి ఐదు మీటర్ల ఎత్తు, లేత కొమ్మల మీద తెల్లటి నూగు, మన తుమ్మాకును పోలిన సన్నని ఆకు, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా కొమ్మ కనిపించనంతగా విరబూసే గుండ్రని పసుపు పూలు. ముళ్లు మాత్రం ఉండవు. సహజంగా ఈ పొద మొలిచే చోటు భూమి మీద ఆ ఒక్క నగరం చుట్టుపక్కలే. 2021 జనాభా లెక్కల నాటికి ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు దాదాపు అరవై వేల మంది. వారిలో చాలామంది కాపురం ఉంటున్నది ఈ పడమటి సిడ్నీ శివార్లలోనే. అమలాపురం నుంచో భీమవరం నుంచో వెళ్లి అక్కడ స్థిరపడినవాళ్లు రోజూ రైలెక్కే దారి పక్కన ఈ పొద ఉండి ఉంటుంది. దాన్ని చూస్తే ఊళ్లోని తుమ్మచెట్టు గుర్తొచ్చినా ఆశ్చర్యం లేదు. రెండూ ఒకే వంశం.

ఆ పొద అరుదైపోవడానికి కారణాలు రెండు. మొదటిది నగరం. అది ఇష్టపడే బంకమట్టి, గులకనేల ఇళ్ల స్థలాలకు, కార్ఖానాలకు, రహదారులకు పోయింది. మిగిలినవి రైలు పట్టాల వెంట, రోడ్ల అంచుల్లో, పార్కుల మూలల్లో ముక్కలుముక్కలుగా ఉన్నాయి. రెండోది దాని స్వభావం. పూత విపరీతంగా ఉన్నా గింజ కట్టేది తక్కువ. వేళ్ల నుంచి పిలకలు వేసుకుంటూ పక్కలకు పాకుతుంది. వంద కాండాలు కనిపించిన చోట నిజంగా ఉన్నది ఒకటో రెండో మొక్కలు కావచ్చు. పైకి గుబురు, లోపల పేదరికం. ఒక్క గుబురును తవ్వేస్తే ఒక వంశపు శాఖే పోవచ్చు. అందుకే న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం 2003లో ఈ ఒక్క పొద కోసమే ఒక పునరుద్ధరణ ప్రణాళికను ప్రకటించింది. ఏ వీధి పక్కన, ఏ పార్కులో ఎన్ని గుబురులున్నాయో గుర్తించడం, గడ్డి కోసేవాళ్లు, రోడ్డు వేసేవాళ్లు వాటి జోలికి పోకుండా చూడడం, నిర్మాణానికి అనుమతి ఇచ్చే ముందు దానిపై పడే ప్రభావాన్ని పరిశీలించడం ఇందులోని పనులు. కలపకు పనికిరాదు, కాయ తినలేం. అయినా ఒక ప్రభుత్వం దాని కోసం కాగితం, మనిషి, డబ్బు కేటాయించింది.

ఈ సంగతి గోదావరి జిల్లాల పాఠకుడికి ఎందుకంటే, ఆ పొద దాయాదులు మన దగ్గర లక్షల్లో ఉన్నాయి. వాటిని మనమే తెచ్చి, నారు పోసి, నీళ్లు పోసి పెంచాం. అవి ఏ నేల మీద నిలబడ్డాయో, ఆ నేల మీద అంతకుముందు ఏముండేదో మాత్రం మనం రాసిపెట్టుకోలేదు.

రాసిపెట్టుకున్న కాలం ఒకటి ఉంది. విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండ్ వైద్యుడు 1780లలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండేవాడు. అక్కడ ఒక తోట వేసి మిరియాలు, నీలిమందు, చెరకు పండించి చూశాడు. ఎండ, వాన, గాలి కొలతలు రాసుకున్నాడు. 1787లో కోరింగ తీరాన్ని ముంచిన ఉప్పెనలో తన పుస్తకాలు, రాతలు పోగొట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈ ప్రాంతపు మొక్కలను భారతీయ చిత్రకారుల చేత బొమ్మలు వేయించి, ప్రతి మొక్క పక్కన ఇక్కడి జనం పిలిచే తెలుగు పేరు రాయించాడు. 1793లో కలకత్తా వృక్షశాస్త్ర తోటకు వెళ్లిపోయాడు. ఆ బొమ్మలే ‘ప్లాంట్స్ ఆఫ్ ద కోస్ట్ ఆఫ్ కోరమాండల్’ పేరుతో 1795 నుంచి 1820 వరకు మూడు సంపుటాలుగా, మూడు వందల చిత్రాలతో లండన్‌లో వెలువడ్డాయి. తెల్లతుమ్మను శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆ గ్రంథమే. మన సుండ్రకు శాస్త్రనామంలో కూడా ‘సుండ్ర’ అనే మాటే నిలిచింది. సోమిద చెట్టు పేరు ఏకంగా ఒక ప్రజాతి పేరైంది. పుల్లలు ఏరేవాళ్లు, పసరు మందు చేసేవాళ్లు చెప్పిన మాటలు లాటిన్‌లోకి ఎక్కాయి. వాళ్ల పేర్లు మాత్రం ఎక్కలేదు.

ఆ గ్రంథ ప్రచురణను దగ్గరుండి నడిపించినవాడు జోసెఫ్ బ్యాంక్స్. 1770లో కెప్టెన్ కుక్ ఓడలో వెళ్లి, ఇప్పటి సిడ్నీ ఒడ్డున బోటనీ బే దగ్గర దిగి ఆస్ట్రేలియా వాటిళ్లను, అంటే అక్కడి తుమ్మజాతులను, సేకరించిన బ్యాంక్సే ఈయన. 1803లో డౌనీ వాటిల్‌కు శాస్త్రనామం పెట్టిన వృక్షశాస్త్రవేత్త వెంటెనా దాన్ని ఆస్ట్రేలియాలో చూడలేదు. పారిస్ దగ్గర మాల్మెజోన్‌లో, నెపోలియన్ భార్య జోసెఫీన్ పెంచుకున్న తోటలోని మొక్కను చూసి వర్ణించాడు. అంటే సామర్లకోట తుమ్మలు లండన్‌లో అచ్చవుతున్న రోజుల్లోనే సిడ్నీ తుమ్మ పారిస్‌లో పూసింది. అప్పట్లో మొక్కలు దేశాలు తిరగడం రాజులకు, కంపెనీలకు సరదా, వ్యాపారం కూడా. వచ్చిన మొక్క కొత్త నేల మీద ఏం చేస్తుందో తెలియడానికి ఇంకో నూరేళ్లు పట్టింది.

మన తుమ్మల సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. పొలం గట్టు మీద, చెరువు కడుపులో పెరిగే నల్లతుమ్మ ఉంది. బండి చక్రాలకు, నాగళ్లకు దాని చేవే కావాలి. బెరడు తోళ్లు ఊనడానికి, బంక మందులకు, కాయలు మేకలకు. మెరకనేలల్లో తెల్లతుమ్మ ఉంది. పసుపు పూల పరిమళం కోసం ఫ్రాన్సులో అత్తరు తీసే కస్తూరితుమ్మ మన దగ్గర దొడ్లకు కంచె అయింది. మన్యం వైపు వెళితే సుండ్ర, చండ్ర, తలంటుకు సీకాయ. ఇవన్నీ మొన్నటిదాకా ఒకే ‘అకేసియా’ గోడ కింద ఉండేవి. 2005లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ వృక్షశాస్త్ర మహాసభ ఆ పేరును ఆస్ట్రేలియా జాతులకు కేటాయించింది. 2011లో మెల్‌బోర్న్ సభ ఆ నిర్ణయాన్ని ఖాయం చేసింది. అప్పటిదాకా ఆ ప్రజాతికి ప్రమాణంగా ఉన్నది నల్లతుమ్మే. ఇప్పుడది వాచెలియా నైలోటికా. సుండ్ర, సీకాయ సెనెగాలియాలోకి వెళ్లాయి. ఆస్ట్రేలియాలో సుమారు వెయ్యి జాతులుండగా ఆసియా, ఆఫ్రికాలలో అంతకన్నా చాలా తక్కువ కాబట్టి పేరు మారే మొక్కల సంఖ్య తగ్గించాలన్నది ఈ మార్పును సమర్థించినవారి వాదన. ఆఫ్రికా శాస్త్రవేత్తలు గట్టిగా వ్యతిరేకించారు. పేరు మారినవాటిలో తన ఇంటి తుమ్మ ఉన్నా, ఆంధ్రదేశంలో దీని గురించి చర్చ జరిగినట్టే లేదు.

వచ్చిన చుట్టం విషయానికి వద్దాం. మన రోడ్ల పక్కన, కళాశాలల ఆవరణల్లో, రాజమహేంద్రవరం చుట్టూ ఉన్న ఎర్రమట్టి మెరకల మీద కనిపించే ఆస్ట్రేలియా తుమ్మ అసలు ఊరు ఉత్తర ఆస్ట్రేలియా, పాపువా న్యూ గినీ. శాస్త్రనామం అకేసియా ఆరిక్యులిఫార్మిస్. భారతదేశానికి 1946లో వచ్చింది. దాని ‘ఆకు’ చూడండి. కొడవలిలా వంగి, తోలులా దళసరిగా, పొడవునా ఈనెలతో ఉంటుంది. అది ఆకు కాదు, వెడల్పై చదునెక్కిన ఆకుకాడ. కడియం వైపు ఏ నర్సరీలోనైనా గింజ మొలిచి వారం రెండు వారాలైన సంచీని చూస్తే ఈ రహస్యం బయటపడుతుంది. మొదటి ఆకులు అచ్చంగా తుమ్మాకుల్లా, చిన్న చిన్న రెక్కలతో ఉంటాయి. తర్వాతి ఆకుల్లో కాడ వెడల్పవుతుంది, రెక్కలు తగ్గుతాయి. కొన్నాళ్లకు రెక్కలే ఉండవు, కాడే ఆకు పని చేస్తుంది. నీటి ఎద్దడి ఉన్న నేలల్లో తడి ఆరిపోకుండా కాపాడుకునే పద్ధతి ఇది. బడిలో వృక్షశాస్త్రం చెప్పే మాస్టార్లకు ఇంతకన్నా మంచి పాఠం పది రూపాయల మొక్కలో దొరకదు.

కాయ చెవి ఆకారంలో మెలి తిరుగుతుంది. పండి విచ్చుకుంటే నల్లటి గింజ నారింజరంగు దారానికి వేలాడుతుంది. ఆ రంగు చూసి పిట్టలు వచ్చి గింజను మోసుకుపోతాయి. గింజ పెంకు గట్టిది. నర్సరీవాళ్లు మరిగిన నీళ్లు పోసి రాత్రంతా నాననిచ్చి విత్తుతారు. నేలలో పడ్డ గింజ ఏళ్ల తరబడి చెడకుండా పడి ఉండగలదు. వేరు బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తాయి కాబట్టి సారంలేని నేలలో కూడా చకచకా ఎదుగుతుంది. పశువులు ముట్టవు. అటవీ శాఖకు ఇది నచ్చడానికి అసలు కారణం ఈ చివరిదే. 1980లలో సామాజిక అడవుల పథకాలు నడిచినప్పుడు కంచె అక్కర్లేని మొక్క కావాల్సి వచ్చింది. మేక మేయని మొక్క మూడేళ్లు బతుకుతుంది. మూడేళ్లు బతికితే నివేదికలో పచ్చగా కనిపిస్తుంది.

ఈ మొక్క మేలు చేయలేదని అనను. వంటచెరకు కోసం మైళ్లు నడిచిన ఆడవాళ్లకు అది పొయ్యిలోకి పుల్లనిచ్చింది. గనులు తవ్వి వదిలేసిన నేలల మీద మరేదీ నిలవని చోట నిలిచింది. కానీ గోదావరి జిల్లాలకు ఇది తగిన చెట్టు కాదనడానికి ఒక్క తుపాను చాలు. కొమ్మలు పెళుసు, గాలికి విరిగి తీగల మీద, దారుల మీద పడతాయి. రాలిన ఆకుకాడలు త్వరగా చివకవు. దళసరిగా పేరుకున్న ఆ పొర కింద గడ్డి గాని, చిన్న పొదలు గాని లేచే వీలుండదు. ఏడాదికి ఒకటి రెండు తుపాన్లు సహజమైన తీరంలో, గాలికి ఊగి మళ్లీ నిలబడే కానుగ, గంగరావి, పొన్న లాంటి చెట్లుండగా రోడ్డు పక్కకు దీన్ని ఎంచుకోవడం నారు తొందరగా ఎదుగుతుందన్న ఒక్క సౌకర్యం చూసి చేసిన పని.

ఆస్ట్రేలియాలోనే ఇంకో ఉదాహరణ ఉంది. కూటమండ్రా వాటిల్ అని, న్యూ సౌత్ వేల్స్‌లో కూటమండ్రా ఊరి చుట్టూ ఉన్న కాస్త ప్రాంతానికి చెందిన మొక్క. ఆకు వెండిరంగు, పూత మనోహరం. జనం ముచ్చటపడి దేశమంతా తోటల్లో నాటుకున్నారు. ఇప్పుడు సొంత ఊరు దాటిన చాలా చోట్ల దాన్ని కలుపుమొక్కగా పీకేస్తున్నారు. సొంత దేశంలోనే, సొంత రాష్ట్రంలోనే ఇలా జరిగింది. సెప్టెంబరు 1న వాటిల్ దినం జరుపుకుని, బంగారు వాటిల్‌ను 1988లో జాతీయ పుష్పచిహ్నంగా ప్రకటించుకున్న దేశం అది. వాటిల్ మీద వారికి ద్వేషం లేదు. ఏ వాటిల్ ఎక్కడిదో వారికి లెక్క ఉంది, అంతే.

లెక్క లేకపోతే ఏమవుతుందో నీలగిరులు చూపించాయి. మన గోదావరి జిల్లాలతో పాటు నీలగిరులూ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. పందొమ్మిదో శతాబ్దంలో ఆంగ్లేయ అధికారులు చలికాచుకునే కట్టెల కోసం, తర్వాత తోళ్లు ఊనే బెరడు కోసం అక్కడి పచ్చికబయళ్లలో ఆస్ట్రేలియా వాటిళ్లు నాటారు. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ప్రభుత్వం వాటిని పెంచుతూనే పోయింది. వానను పీల్చుకుని ఏడాది పొడవునా వాగులకు ఊరనిచ్చే షోలా గడ్డిభూములు వాటిల్ తోపుల కింద మాయమయ్యాయి. ఇప్పుడు మద్రాసు హైకోర్టు వాటిని తొలగించమంటోంది. తమిళనాడు ప్రభుత్వం 2022లో దాడిచేసే పరాయి మొక్కల మీద ఒక విధానమే ప్రకటించింది. దక్షిణాఫ్రికా 1995లో ‘వర్కింగ్ ఫర్ వాటర్’ పేరుతో వేలాది పేదలకు కూలి ఇచ్చి, నీటి వనరుల్ని పీల్చేస్తున్న వాటిళ్లను నరికించడం మొదలుపెట్టింది. ఆ పని ఇంకా ముగియలేదు. నాటడానికి ఒక తరం, పీకడానికి మూడు తరాలు.

మనకు దూరపు ఉదాహరణలే అక్కర్లేదు. 1870ల చివర్లో వంటచెరకు కోసం తెప్పించిన గింజలతో కడప జిల్లా కమలాపురంలో నాటిన అమెరికా ఖండపు మొక్కే నేటి సర్కారు తుమ్మ. ఇప్పుడది చెరువులు, బీళ్లు, ఉప్పునేలలు ఆక్రమించని జిల్లా లేదు. గోదావరి కాలువల్లో ఏటా పేరుకుపోయే గుర్రపుడెక్క అమెజాన్ నుంచి అందం కోసం వచ్చింది. కాలువలు కట్టేసిన రోజుల్లో దాన్ని తీయించడానికి ప్రతి ఏడూ డబ్బు పోస్తున్నాం. కాకినాడ వీధుల్లో కోనోకార్పస్ చెట్ల గొడవ నిన్నమొన్నటిదే. పచ్చదనం పేరుతో వరుసలుగా నాటిన చేతులే తర్వాత నరికే నిర్ణయం తీసుకున్నాయి. నాటినప్పుడు ఎవరూ అడగలేదు, నరికినప్పుడు అందరూ అడిగారు.

తీరానికి వస్తే అసలు బరువైన ప్రశ్న సరుగుడుది. ఇది వాటిల్ కాదు గాని ఆస్ట్రేలియా, ఆగ్నేయాసియా తీరాల చెట్టే. మన దేశంలో పెద్ద తోటగా మొదట వేసింది 1868లో కార్వార్ దగ్గర. ఇప్పుడు అంతర్వేది నుంచి ఉప్పాడ దాకా, ఇటు మొగల్తూరు వైపు పేరుపాలెం దాకా ఇసుక ఉన్న చోటల్లా సరుగుడు ఉంది. ఇందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉన్నాయి. వాటిని విడదీయకుండా మాట్లాడడం వల్లనే చర్చ ముందుకు సాగడం లేదు.

మొదటిది రైతు తోట. ఇసుకనేల, మెరకనేల ఉన్న సన్నకారు రైతుకు సరుగుడు మంచి పంట. నాలుగైదేళ్లలో చేతికొస్తుంది. ఇళ్ల సెంట్రింగుకు, పందిళ్లకు కర్ర, పొయ్యికి పుల్ల. రాలిన ఆకును కూడా బీద ఇళ్లవాళ్లు ఊడ్చుకుపోయి వంట చేసుకుంటారు. 1924లో పునాది పడిన రాజమహేంద్రవరం కాగితం మిల్లుకు నేడు సరుగుడు, సుబాబుల్ ప్రధానమైన ముడిసరుకు. ఈ పంటను తప్పుబట్టడానికి నాకు కారణం కనిపించదు. కొబ్బరికి మన ఊరి చెట్టు కాదని ఎవరూ పేరు పెట్టరు. పొలంలో వేసింది పంట, రైతు కోసుకుంటాడు, ధర పడిపోతే మానేస్తాడు. ఇక్కడ మాట్లాడాల్సింది ధర గురించి, దళారి గురించి, కౌలుదారు గురించి.

రెండోది ప్రభుత్వం ఇసుకదిబ్బల మీద నాటిన సరుగుడు. 1977 దివిసీమ ఉప్పెన తర్వాత, 1996 నవంబరు 6న కోనసీమను కుప్పకూల్చిన తుపాను తర్వాత, తీరానికి చెట్ల గోడ కట్టాలన్న ఆత్రుత పుట్టింది. 1996లో వెయ్యి మందికి పైగా చనిపోయారు, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. ఆ భయంలోంచి పుట్టిన ఆలోచనను తేలికచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. ఊరికి, సముద్రానికి మధ్య నాలుగు వరుసల చెట్లు గాలి ఉద్ధృతిని కొంత తగ్గిస్తాయన్నది కూడా నిజమే. కానీ ఆ చెట్లను అలల అంచు దాకా, దిబ్బల తల మీదకు తీసుకెళ్లడంతో చిక్కు వచ్చింది. దిబ్బను పట్టి నిలిపేవి అక్కడే పుట్టిన పొదలు, తీగలు. ఇసుక మీద పాకే బలబండ తీగ, ముళ్లబంతుల్లాంటి రావణాసుర మీసాల గడ్డి, దిబ్బ వెనుక మొగలి పొదలు. గాలి తెచ్చిన ఇసుకను ఇవి తమ మీద కప్పుకుంటూ పైకి లేస్తాయి. దిబ్బ పెరిగేది అలాగే. సరుగుడు నీడలో, దాని సూదులు దట్టంగా రాలి పరచుకున్న నేలలో ఇవి బతకవు. ఉప్పెనకు సరుగుడు కూలిన రోజున అడుగున ఇసుకను పట్టి ఉంచే వేరు మిగలదు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు చలికాలంలో హోప్ ఐలాండ్ మీద, సఖినేటిపల్లి తీరం మీద గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటికి కావాల్సింది బోసి ఇసుక. వేళ్లు అల్లుకుపోయిన చోట గుంట తవ్వలేవు.

ఇసుకదిబ్బలు, మడ అడవులు, తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు తీరప్రాంత నియంత్రణ నిబంధనల్లో అత్యంత సున్నితమైన మొదటి వర్గం కింద ఉన్నాయి. హోటలు కడితే, రొయ్యల చెరువు తవ్వితే నిబంధన గుర్తొస్తుంది. చెట్టు నాటితే అది విధ్వంసమని ఎవరికీ తోచదు. చెట్టు ఎక్కడ నాటినా పుణ్యమే అన్న నమ్మకం మన మనసుల్లో అంత లోతుగా ఉంది. గడ్డి, ముళ్లపొద, ఉప్పు చవిటి, బోసి ఇసుక ఉన్న నేలను ‘వృథా భూమి’ అని రెవెన్యూ దస్త్రాల్లో రాసినప్పటి నుంచి ఈ నమ్మకానికి ప్రభుత్వ ముద్ర కూడా పడింది. నా దృష్టిలో గోదావరి డెల్టా వృక్షసంపదకు జరిగిన అతిపెద్ద అన్యాయం గొడ్డలితో జరిగింది కాదు. ఆ రెండు మాటలతో జరిగింది.

మడ అడవికి ఈ పాటి అదృష్టమైనా ఉంది. కోరింగ అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైచిలుకు. నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న జాతులను విశ్వవిద్యాలయాలవారు అధ్యయనం చేశారు, పడవలెక్కి పర్యాటకులు చూస్తున్నారు. పోలవరం వైపు పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయింది. ఈ రెండిటి నడుమ ఉన్న డెల్టా మాటేమిటి? కాలువగట్లు, ఏటిలంకలు, శ్మశానాలు, గుడిమాన్యాలు, రైలు కట్టలు, చేపల చెరువుల గట్లు. అసలు డెల్టాలో సహజమైన పొదకు మిగిలిన చోటు ఇదే. భీమవరం చుట్టూ చెరువులు తవ్వినప్పుడు ఎన్ని వేల నల్లతుమ్మలు పోయాయో ఏ దస్త్రంలోనూ లేదు. అవి అడవి కాదు గనుక అటవీ శాఖ లెక్కలోకి రావు, పంట కాదు గనుక వ్యవసాయ శాఖ లెక్కలోకి రావు. డౌనీ వాటిల్ మిగిలింది కూడా సరిగ్గా ఇలాంటి చోట్లలోనే. తేడా ఏమిటంటే అక్కడ ఎవరో వచ్చి రైలు కట్ట పక్కన నిలబడి గుబురులు లెక్కపెట్టారు.

నాటిన లెక్కలకు మన దగ్గర కొదవ లేదు. 2016లో ‘వనం-మనం’, 2020లో ‘జగనన్న పచ్చతోరణం’. ప్రభుత్వం మారితే పేరు మారుతుంది, లక్ష్యం మాత్రం ఎప్పుడూ మొక్కల సంఖ్యలోనే ఉంటుంది. 2016 నాటి పరిహార అటవీకరణ నిధుల చట్టం కింద ఖర్చయ్యే డబ్బుకు కూడా హెక్టార్లు, మొక్కలే కొలమానం. నాటిన గుంతలో అంతకుముందు ఏముందో అడిగే గడి ఆ పట్టికల్లో ఉండదు.

అడిగే చట్టం మాత్రం ఉంది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, ప్రతి మున్సిపాలిటీలో ఒక జీవవైవిధ్య నిర్వహణ కమిటీ ఉండాలి. ఊరి చెట్టు, పొద, తీగ, మందుమొక్క, చేప, పిట్ట, వాటిని గురించి ఊరివాళ్లకు తెలిసిన సంగతులు ఒక రిజిస్టరులో రాయాలి. రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఒక్కడే కూర్చుని చేసిన పనిని ఈ చట్టం ప్రతి ఊరి చేతిలో పెట్టింది. జాతీయ హరిత ట్రిబ్యునల్ గట్టిగా అడిగాక దేశమంతటా రిజిస్టర్లు హడావుడిగా తయారయ్యాయి. హడావుడిగా తయారైన రిజిస్టరు ఒక ఊరిది ఇంకో ఊరికి పనికొస్తుంది. పేరు మార్చితే చాలు. నిజమైన రిజిస్టరు రాయాలంటే మేకలు కాసే ముసలాయన్ను కూర్చోబెట్టి అడగాలి, ఏ కంప ఎక్కడ ఉండేది, ఏది కనబడడం మానేసిందని. ఆ తరం మనుషులు వెళ్లిపోతున్నారు. ఈ పనికి ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి ఎవరూ ఉండరు.

చేయగలిగినవాళ్లు చుట్టూనే ఉన్నారు. దివాన్‌చెరువులో రాష్ట్ర అటవీ అకాడమీ ఉంది. శిక్షణకు వచ్చే ప్రతి బృందం చేత డెల్టాలోని ఒక మండలపు కాలువగట్లను, లంకలను నడిపించి జాబితా రాయిస్తే కొన్నేళ్లలో మొత్తం డెల్టా చిత్రం వస్తుంది. ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం కింద ఉన్న కళాశాలల వృక్షశాస్త్ర విద్యార్థులు ఏటా ఎండబెట్టిన మొక్కల పుస్తకం తయారుచేస్తారు. పరీక్ష అయ్యాక అవి చెత్తలోకి పోతాయి. ఊరు, తేదీ, సేకరించిన చోటు సరిగ్గా రాయించి ఒక్కచోట భద్రపరిస్తే అదే గోదావరి జిల్లాల హెర్బేరియం.

కడియం సంగతి వేరు. రాజమహేంద్రవరం దాటగానే జాతీయ రహదారికి ఇరువైపులా, కడియపులంక కాలువ వెంట ఉన్న నర్సరీలు దేశమంతటికీ మొక్కలు పంపుతున్నాయి. అంట్లు కట్టే చేతులు, సంచుల్లో మట్టి నింపే ఆడకూలీల నేర్పు, ఏ గింజకు ఎంత వేడినీళ్లు పోయాలో తెలిసిన అనుభవం ఇక్కడున్నంత దట్టంగా మరోచోట దొరకడం కష్టం. వాళ్లు కోనోకార్పస్ పెంచారంటే ఆర్డరు వచ్చింది కనుకే పెంచారు. పొన్న, గంగరావి, మొగలి, తెల్లతుమ్మ అడిగితే అవే పెంచుతారు. వాళ్లను నిందించి లాభం లేదు. కొనేవాడు ఎవడు? రోడ్ల పక్కకు, తీరానికి, పార్కులకు లక్షల్లో కొనేది ప్రభుత్వ శాఖలు, మున్సిపాలిటీలు, జాతీయ రహదారుల సంస్థ. మొక్కల ఎత్తు, సంచీ కొలత, ధర రాసే టెండరు కాగితంలో మరో రెండు వాక్యాలు చేర్చాలి. ఈ మొక్క ఈ నేలదేనా, గింజ ఏ ఊరి చెట్టు నుంచి తెచ్చారు అని. ఒక్క ఏడాది ముందుగా చెబితే చాలు. పొన్నకాయలు ఏరి నారు పోసి, అడుగున్నర ఎత్తుకు తేవడానికి నర్సరీకి ఆ మాత్రం గడువు కావాలి.

తీరంలో ఇప్పుడున్న సరుగుడును రేపే నరికేయమని నేను అడగడం లేదు. ఊరి వైపు వరుసలు గాలికి అడ్డుగా ఉండనీయాలి. సముద్రం వైపు వరుసలు కోతకు వచ్చినప్పుడు అక్కడ మళ్లీ సరుగుడు నాటకుండా వదిలేయాలి, బలబండ తీగను, మొగలిని తిరిగి రానివ్వాలి. తాబేళ్లు వచ్చే చోట్ల ఈ పని ముందు మొదలుకావాలి. కొత్తగా దిబ్బల మీద ఏ చెట్టూ నాటకూడదు. కాలువగట్లు వెడల్పు చేసేటప్పుడు, లంకల్లో ఇసుక తవ్వేటప్పుడు, రైలు కట్ట పక్కన కంప కొట్టేటప్పుడు ఆ ఊరి జీవవైవిధ్య కమిటీ రిజిస్టరు తెరిచి చూసి, అరుదైన పొద ఉంటే దాన్ని వదిలి పని చేయాలన్న నిబంధన జిల్లా కలెక్టరు ఉత్తర్వుతోనే సాధ్యం. డెల్టా ఇప్పుడు తూర్పు గోదావరి, కోనసీమ, కాకినాడ, పశ్చిమ గోదావరి, ఏలూరు జిల్లాల మధ్య పంచుకుపోయింది. అయిదుగురు కలెక్టర్లు ఒక్కసారి కూర్చుంటే, వచ్చే వానాకాలం మొక్కలకు టెండరు పిలిచేలోపే ఆ ఉత్తర్వు రావచ్చు.